కంటిపాప వెనక జలపాతం

(ఒక పట్టణ గ్రంథాలయంలో విశ్రాంత కంటి వైద్యులొకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. సంతోషం. ఈ రోజు నా మాటతో ఎక్కువ పని మీకే ఉంది.

మా నాయనమ్మతో మొదలుపెడతాను. ఆవిడ చేటలో కందిపప్పు పోసుకుని కూర్చుంటే ఒక్క రాయి మిగిలేది కాదు. నేను హైస్కూల్లో ఉండగా ఒకరోజు అన్నంలో పంటి కింద రాయి తగిలింది. వారం తిరక్కుండా ఇంకోటి. మా అమ్మ పైకి ఏమీ అనలేదు. నాయనమ్మ పడుకున్నాక అదే చేట తీసుకుని దీపం దగ్గర కూర్చుని మళ్ళీ ఏరేది. నాయనమ్మకు చూపు తగ్గిందని మా ఇంట్లో మొదట చెప్పింది ఆ రాళ్ళే. నేను అడిగితే ఆవిడ అంది, "కంట్లో పొర వచ్చిందిరా నాయనా. ఇంకా పండలేదు. పండాక తీయించుకుంటా."

పొర. పండటం. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వాటి దగ్గరికే వస్తాను. ముప్ఫై ఏళ్ళకు పైగా కంటి వైద్యం చేశాను. నా ముందు కూర్చున్న ప్రతి పెద్దావిడా, ప్రతి పెద్దాయనా దాదాపు ఈ రెండు మాటలే అన్నారు. చదువుకున్నవాళ్ళూ అన్నారు, చదువు లేనివాళ్ళూ అన్నారు.

పుస్తకాల్లో మనం దీన్ని శుక్లం అంటాం. శుక్లం అంటే తెలుపు. శుక్లపక్షం అంటాం చూడండి, అదే మాట. హైదరాబాదు పాతబస్తీలో మోతియాబింద్ అంటారు, ముత్యపు బిందువు అని. పారసీకంలో ముత్యపు నీరు అంటారు. కన్నడంలో కణ్ణిన పొరె, అచ్చంగా మన పొరే. మరి డాక్టరు చీటీ మీద ఏం రాస్తాడు? కాటరాక్ట్ అని రాస్తాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఎవరైనా చెప్పగలరా? పరవాలేదు, నేను వైద్యం చదివేటప్పుడు నాకూ తెలియదు. మాకెవరూ చెప్పలేదు.

కాటరాక్ట్ అంటే జలపాతం.

అవును, జలపాతమే. నైలు నదిలో నీళ్ళు రాళ్ళ మీద విరిగిపడే చోట్లను ఇప్పటికీ కాటరాక్టులనే అంటారు. స్పెయిన్ భాషలో చూడండి. అర్జెంటీనా, బ్రెజిల్ సరిహద్దులో ఇగ్వాసు అని పెద్ద జలపాతాలున్నాయి. వాటిని అక్కడ కతరాతాస్ అంటారు. ఆ ఊళ్ళో ఒక ముసలాయన కంటి ఆపరేషన్ చేయించుకుంటే, అదీ కతరాతాస్ ఆపరేషనే. ఒకే మాట. ఫ్రెంచి వాళ్ళు కతరాక్త్ అంటారు, ఇటలీ వాళ్ళు కతరాత్తా, రష్యా వాళ్ళు కతరాక్తా. పేరు కొద్ది కొద్దిగా మారింది కానీ మాట ఒకటే.

ముసలివాళ్ళ కంట్లోకి జలపాతం ఎలా వచ్చింది? ఇది చాలా పెద్ద ప్రయాణం. కాస్త ఓపికగా వినండి.

మూలం గ్రీకు మాట, కతర్రాక్తీస్. 'కత' అంటే కిందికి. మిగతా సగం కొట్టుకుని పడటమని కొందరు, విరిగి పడటమని కొందరు అంటారు. ఎలా తీసుకున్నా కిందికి దూకి పడేది అని అర్థం. జలపాతానికీ ఆ పేరే, కోట గుమ్మానికి పైనుంచి దించే ఇనప తలుపుకీ ఆ పేరే. బైబిల్లో నోవహు కాలపు జలప్రళయం ఉంది కదా, అక్కడ ఆకాశపు తూములు తెరుచుకున్నాయని వస్తుంది. ఆ తూములకు గ్రీకు అనువాదంలో ఇదే మాట వాడారు. లాటిన్ బైబిల్ కూడా అదే మాటను ఎత్తుకుంది.

కానీ ఒక సంగతి గమనించండి. పాత గ్రీకు వైద్యులు కంటి జబ్బుకు ఈ పేరు పెట్టలేదు. వాళ్ళు హైపోకిమా అన్నారు, అంటే లోపలివైపు పోసినది, ఒలికినది అని. రోమ్‌లో క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో సెల్సస్ అనే ఆయన లాటిన్‌లో పెద్ద వైద్య గ్రంథం రాశాడు. ఆయన దాన్నే సఫ్యూజియో అని తర్జుమా చేశాడు. అదీ ఒలకడమే. ఏది ఒలికింది? ఎక్కడి నుంచి ఒలికింది? వాళ్ళ నమ్మకం ఇదీ: తలలోంచి ఒక చెడ్డ ద్రవం దిగుతుంది. దిగి కంటిపాపకూ, లోపలున్న స్ఫటికంలాంటి గుండ్రని భాగానికీ మధ్య ఖాళీలో చేరుతుంది. అక్కడ పేరుకుని, గట్టిపడి, తెరలాగా అడ్డం పడుతుంది.

మనవాళ్ళు జలుబు చేస్తే తలకు నీరు పట్టిందంటారు చూడండి, అలాంటి ఆలోచనే. యూరప్ భాషల్లో జలుబుకు కటార్ అనే పాత మాట ఒకటుంది. అదీ గ్రీకే, అర్థం కిందికి కారడం. పడిశం పది రోగాల పెట్టు అని మనకో సామెత ఉంది. వాళ్ళ దృష్టిలో ఆ పది రోగాల్లో కంటి పొర కూడా ఒకటి, అంతే. తలలోంచి ముక్కులోకి దిగితే జలుబు, కంట్లోకి దిగితే చూపు పోవడం.

తర్వాత ఆ గ్రీకు చదువు బాగ్దాదు చేరింది. 9వ శతాబ్దంలో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ అని గొప్ప అనువాదకుడు ఉండేవాడు. గ్రీకు వైద్యాన్ని అరబ్బీలోకి తెచ్చినవాళ్ళలో పెద్దవాడు. కంటి మీద ప్రత్యేకంగా పది ప్రకరణాల గ్రంథం కూడా రాశాడు. అరబ్బీలో ఈ జబ్బుకు స్థిరపడ్డ పేరు నుజూలుల్ మా. నుజూల్ అంటే దిగడం, మా అంటే నీరు. కంట్లోకి నీరు దిగడం. యునానీ హకీములు ఇప్పటికీ ఆ పేరే వాడతారు.

ఇంకో రెండు వందల ఏళ్ళు గడిచాయి. 11వ శతాబ్దంలో ఉత్తరాఫ్రికా నుంచి కాన్‌స్టంటైన్ అనే ఆయన ఇటలీకి వచ్చి, మోంటే కసీనో మఠంలో సన్యాసిగా చేరాడు. అరబ్బీ వైద్య గ్రంథాలను వరసపెట్టి లాటిన్‌లోకి తెచ్చాడు. హునైన్ కంటి గ్రంథం కూడా వాటిలో ఉంది. ఆ లాటిన్ పాఠాల్లో పాత సఫ్యూజియో పక్కకు జరిగింది. నీరు దిగడం అన్న అరబ్బీ మాటకు సరిపోయేలా, కిందికి దూకే నీరు, కతరాక్తా, వచ్చి కూర్చుంది. ఇనప తలుపు అర్థంలోనే వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు, చూపుకు అడ్డంగా దిగే తలుపు అని. ఆ వాదనలోనూ బలం ఉంది. 16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే ఈ మాట పక్కన జారుడు తలుపు అనే అర్థం వచ్చే ఇంకో మాట కూడా రాశాడు. నా మనసు మాత్రం నీటివైపే మొగ్గుతుంది, ఎందుకంటే అరబ్బీలో నీరు స్పష్టంగా కనబడుతోంది.

ఎన్ని చేతులు మారిందో చూశారా? గ్రీకు ఆలోచన అరబ్బీ బట్ట కట్టుకుని, లాటిన్‌లోకి వచ్చి, అక్కడ మళ్ళీ ఒక గ్రీకు మాటనే వెతికి పట్టుకుంది. ఈ రోజు ఏథెన్స్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే కతర్రాక్తీస్ అనే అంటాడు. ఇల్లు వదిలిన మాట వేరే అర్థం మోసుకుని సొంత ఇంటికి తిరిగొచ్చింది.

జర్మన్లు మాత్రం పుస్తకాల్లో కటరాక్ట్ అని రాసుకున్నా, ఇంట్లో గ్రావర్ ష్టార్ అంటారు, అంటే బూడిదరంగు ష్టార్. ఇది ఇంగ్లీషు స్టార్ కాదు, నక్షత్రంతో సంబంధం లేదు. రెప్ప వేయకుండా శూన్యంలోకి చూడటమని అర్థం. చూపు లేని మనిషి ముఖం ఎలా ఉంటుందో బయటినుంచి చూసి పెట్టిన పేరది. డచ్చి, స్వీడిష్ వాళ్ళదీ అదే దారి. ఈ పేరు నాకు బాధ కలిగిస్తుంది, కానీ అందులో ఒక నిజాయితీ ఉంది. లోపల ఏముందో తెలుసునని అది చెప్పుకోలేదు.

ఇప్పుడు అసలు విషయం.

తలలోంచి నీరు దిగి తెరగా గట్టిపడిందని నమ్మినవాళ్ళు ఏం చేస్తారు? ఆ తెరను పక్కకు నెట్టేస్తారు. అదే చేశారు. కంటి తెల్లగుడ్డు పక్కనుంచి సూది గుచ్చి, పాప వెనకున్న ఆ తెల్లటిదాన్ని కిందికి నొక్కేవాళ్ళు. సెల్సస్ ఆ పద్ధతిని వివరంగా రాశాడు. మన సుశ్రుతుడు అంతే వివరంగా, అంతకన్నా శ్రద్ధగా రాశాడు. ఉత్తర తంత్రంలో ఉంది. శలాక, అంటే గుచ్చే సూదిలాంటి పనిముట్టు, సరైన చోట దిగితే చిన్న శబ్దం వస్తుంది, ఒక నీటి బొట్టు బయటపడుతుంది అన్నాడు. రెండో వైపు ముక్కు మూసి గట్టిగా చీదమన్నాడు, కఫం బయటికి పోవడానికి. మబ్బు లేని సూర్యుడిలా దృష్టి వెలిగినప్పుడు పని పూర్తయినట్టు అన్నాడు. తర్వాత రోగి వెల్లకిలా పడుకోవాలి. దగ్గకూడదు, తుమ్మకూడదు, త్రేన్చకూడదు, ఉమ్మకూడదు. నేను ఆపరేషన్ అయిన ప్రతివాళ్ళకూ దాదాపు ఈ జాగ్రత్తలే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది.

సరే, వాళ్ళు సూదితో నెట్టింది ఏమిటి? నీటి తెరా? కాదు. అక్కడ నీటి తెర అనేది లేదు. వాళ్ళు నెట్టింది లెన్సును. స్ఫటికంలాంటి ఆ భాగాన్నే, అది మసకబారి ఉంటే, మొత్తంగా ఊడదీసి కంటి అడుక్కి తోసేశారు. వాళ్ళకు ఆ సంగతి తెలియదు. తెలిస్తే చేతులు వణికిపోయేవి. ఎందుకంటే రోమ్‌లో పేరుమోసిన గ్రీకు వైద్యుడు గేలెన్ కాలం నుంచి అందరూ చూపు ఉండేది ఆ స్ఫటికంలోనే అని నమ్మారు. అది కంటికి నట్టనడుమ ఉంటుందనుకున్నారు. 1543లో శరీర నిర్మాణ శాస్త్రంలో మహాపండితుడు వెసాలియస్ అంతటివాడు అచ్చువేసిన బొమ్మలో కూడా లెన్సు కంటి మధ్యలోనే ఉంది. చూపుకు మూలమని నమ్మినదాన్నే చేత్తో తీసేస్తున్నారు, తీస్తే చూపు వస్తోంది. పదిహేను పదహారు వందల ఏళ్ళు ఇలా సాగింది. ఎందుకు? పేరు వల్ల. ఒలికిన నీరు అని పేరు చెబుతోంది, కళ్ళకు కనబడింది కూడా అలాగే అనిపించింది.

1705లో ఫ్రాన్సులో పియెర్ బ్రిసో అనే వైద్యుడికి ఒక సైనికుడి శవం దొరికింది. ఆ సైనికుడి కంట్లో ముదిరిన శుక్లం ఉంది. బ్రిసో ఆ కంటికి మామూలుగా చేసే సూది వైద్యం చేసి, తర్వాత కన్ను కోసి చూశాడు. కిందికి జారింది తెర కాదు, లెన్సు. తెల్లబడిన లెన్సు. పారిస్‌లో రాజాస్థానపు విజ్ఞాన సభకు వెళ్ళి చెప్పాడు. ఒప్పుకోలేదు. పాత గ్రంథాలు వేరేగా చెబుతున్నాయి మరి. ఆయన పట్టు వదల్లేదు. ఇంకొందరు కూడా శవాల కళ్ళు కోసి అదే చెప్పాక కొన్నేళ్ళకు సభ ఒప్పుకుంది. 1709లో ఆయన పుస్తకం వచ్చింది.

నీరు కాదని తేలిపోయింది కదా. పేరు మార్చారా? మార్చలేదు. మూడు వందల ఏళ్ళు దాటింది, ఇంకా జలపాతమే అంటున్నాం.

పేరు మారకపోయినా పని మారింది. జబ్బు లెన్సుదే అని తెలిశాక, దాన్ని లోపలే తొయ్యడం ఎందుకు, బయటికి తీసేయొచ్చు కదా అన్న ఆలోచన నిలబడింది. 1747లో ఝాక్ దవియేల్ అనే ఫ్రెంచి వైద్యుడు కన్ను తెరిచి లెన్సును బయటికి తీశాడు. ఆ మార్పు అందరికీ ఒక్కసారిగా అందలేదు. 1750లో జర్మనీలో యోహాన్ సెబాస్టియన్ బాఖ్‌కు, ఆ మహా సంగీతకారుడికి, ఊరూరా తిరిగే జాన్ టేలర్ అనే ఇంగ్లీషు వైద్యుడు పాత సూది వైద్యమే రెండుసార్లు చేశాడు. చూపు రాలేదు. జూలైలో బాఖ్ చనిపోయాడు. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక్కడ కాసేపు లెన్సు దగ్గర ఆగుతాను. లెన్స్ అనేది లాటిన్ మాట. అర్థం ఏమిటో తెలుసా? మసూర పప్పు. ఎర్ర పప్పు అంటాం చూడండి, ఆ గింజ. రెండు వైపులా ఉబ్బుగా ఉంటుందని ఆ పేరు. గ్రీకులో ఫాకోస్. అదీ మసూర గింజే. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఫేకో ఆపరేషన్ అంటారే, ఆ ఫేకో ఇదే ఫాకోస్. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ మొదలుపెట్టాడు, లెన్సును సూక్ష్మమైన ప్రకంపనలతో పొడిచేసి లాగేయడం. సుశ్రుతుడు దృష్టి కొలత చెబుతూ ఏమన్నాడు? మసూర దళమంత, అంటే మసూర పప్పు బద్దంత అన్నాడు. ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు తీసుకున్నారో, కంటిని చూస్తే ఎవరికైనా ఆ గింజే తోచిందో, నేను చెప్పలేను. నా మటుకు మా నాయనమ్మ చేట గుర్తుకొస్తుంది.

కంటిపాప మాట కూడా చూడండి. మనం పాప అంటాం. ఇంగ్లీషు ప్యూపిల్‌కు మూలమైన లాటిన్ ప్యూపిల్లా అంటే చిన్నపాప. గ్రీకు కోరె అంటే అమ్మాయి. సంస్కృతం కనీనిక, అదీ చిన్నపిల్లే. ఎవరి కంట్లోకైనా దగ్గరగా చూడండి, మీ బొమ్మే చిన్నగా కనబడుతుంది. ఆ బొమ్మే పాప. ఇంటికెళ్ళి మనవరాలి కంట్లో చూడండి, తెలుస్తుంది.

పొర, పండటం

ఇప్పుడు మన మాటల దగ్గరికి వస్తాను. పొర అంటే ఏమనిపిస్తుంది? పాల మీద మీగడలాగా, ఉల్లిపాయ పొరలాగా, కంటి మీద ఏదో కప్పుకుంది, గోకేస్తే పోతుంది అనిపిస్తుంది. చుక్కల మందు వేస్తే కరుగుతుంది అనిపిస్తుంది. నన్ను ఎంతమంది అడిగారో, "డాక్టరుగారూ, మందుతో కరిగించలేరా?" అని. పొర కాదమ్మా. గుడ్డు సొన పచ్చిగా ఉన్నప్పుడు అద్దంలా ఉంటుంది. ఉడికితే తెల్లబడుతుంది. ఆ తెలుపును సొన మీంచి ఒలిచేయగలరా? లేరు, సొనే తెలుపైంది. లెన్సు కూడా అంతే. అందులో ఉన్నది మాంసకృత్తులూ నీరూ. వయసుతో ఆ మాంసకృత్తులు ముద్దకట్టి మసకబారతాయి. దాన్ని తిరిగి తేటగా చేసే చుక్కల మందు లేదు. లెన్సునే తీయాలి, దాని చోట ఇంకోటి పెట్టాలి.

ఆ ఇంకోటి పెట్టడం 1949 నవంబరు 29న లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ముందు కప్పులు పగిలి, పైలట్ల కళ్ళలో ప్లాస్టిక్ ముక్కలు దిగాయి. ఆ ముక్కల్ని కన్ను భరించింది. ఆ పదార్థంతోనే ఆయన లెన్సు చేయించాడు. అంతకుముందు లెన్సు తీసేసి వదిలేసేవాళ్ళు. మన ఊళ్ళలో అయితే ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అంతే. సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టుకున్న తాతలు మీకు గుర్తున్నారా? వాళ్ళ కళ్ళలో లెన్సు లేదు, అది అద్దాల్లో ఉండేది.

ఇక పండటం. ఒకప్పుడు ఇది నిజమే. లెన్సు గట్టిపడితేనే పాత పద్ధతుల్లో ముక్కలు కాకుండా వచ్చేది. అందుకే డాక్టర్లే ఆగమన్నారు. ఇంగ్లీషులోనూ మెచ్యూర్ అంటారు, అదీ పండటమే. ఇప్పుడు ఆ అవసరం లేదు. మీ పనికి చూపు అడ్డం వచ్చిందా, చేయించుకోవచ్చు. మరీ ముదరబెడితే లెన్సు ఉబ్బుతుంది, కారుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగి భరించలేని నొప్పి వస్తుంది. పండేదాకా ఆగి, పోటుతో అర్ధరాత్రి వచ్చినవాళ్ళను చూశాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. పాత గ్రీకులకు కంట్లో రెండు జబ్బులు తెలుసు. హైపోకిమా, గ్లాకోమా. మొదటిది తెర, బాగుచేయొచ్చు. రెండోది స్ఫటికానికే వచ్చిన జబ్బు, బాగుచేయలేం అనుకున్నారు. శుక్లం లెన్సుదే అని తేలాక, గ్లాకోమా అనే పేరు వేరే జబ్బుకు మిగిలింది. కంట్లో ఒత్తిడితో సాధారణంగా ముడిపడి, వెనకున్న నరం దెబ్బతినే జబ్బు అది. జర్మన్లు ఒకదాన్ని బూడిదరంగు ష్టార్, రెండోదాన్ని ఆకుపచ్చ ష్టార్ అంటారు. హిందీలో తెల్ల మోతియా, నల్ల మోతియా. తెలుగులో గ్లాకోమాను నీటికాసులు అంటాం. చూశారా, యూరప్‌లో నీరు శుక్లానికి అంటుకుంది, మన దగ్గర నీరు ఈ జబ్బుకు అంటుకుంది.

శుక్లంతో పోయిన చూపు, కంటి వెనక అంతా బాగుంటే, ఆపరేషన్‌తో తిరిగొస్తుంది. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని మందులతోనో ఆపరేషన్‌తోనో కాపాడుకోవడమే. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్కచూపు నెమ్మదిగా తగ్గుతుంది. మనిషేమో పొర వచ్చింది, పండాలి అనుకుంటూ కూర్చుంటాడు.

మా నాయనమ్మకు కుడి కన్ను శుక్లం. శిబిరంలో ఆపరేషన్ చేశారు, సోడాబుడ్డి కళ్ళజోడు ఇచ్చారు, ఆవిడ మళ్ళీ చేట పట్టుకుంది. ఎడమ కన్ను కూడా పండాక చేయిద్దామని ఇంట్లో అందరం అనుకున్నాం. రెండున్నరేళ్ళు ఆగాం. ఎడమ కంట్లో ఉన్నది నీటికాసులు. ఎవరూ ఆ కంటిలో ఒత్తిడి చూడలేదు, చూడమని మేమూ అడగలేదు. తెలిసేసరికి ఆ కంట్లో వెలుగు కూడా మిగల్లేదు. డాక్టరు చెబుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పొరే కదరా?" అని అడిగింది.

నలభై దాటినవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే, కళ్ళు చూపించుకునేటప్పుడు ఒత్తిడి కూడా చూడమని అడగండి. ఆ మాట నోరు తెరిచి అడగండి.

ఇందాక ఆ కిటికీ పక్కన కూర్చున్న అమ్మ ఏదో అడగబోయి ఆగారు. ముందు ఆవిడ ప్రశ్న విందాం. చెప్పండమ్మా.